గ్రీకు పప్పు కుండ, మా ఉగ్గాని గుండిగ

సిగ్గు మీద గంటసేపు ఆగకుండా పాఠం చెప్పగలను. అది నా ఉద్యోగం. ఎమ్మిగనూరులో పోటీ పరీక్షలకు తయారుచేసే ఒక చిన్న కోచింగ్ సెంటర్లో నీతిశాస్త్రం నా సబ్జెక్టు. ధైర్యమంటే ఏమిటి, న్యాయమంటే ఏమిటి, మనిషి ఎలా బతకాలి అని ఎప్పుడో గ్రీకు దేశంలో తలలు బద్దలు కొట్టుకున్న పెద్దమనుషుల మాటలను పరీక్షకు సరిపడా కత్తిరించి పిల్లలకు అందిస్తాను. నోరుంది కాబట్టి నెట్టుకొస్తున్నాను. లోపల చూస్తే మాత్రం, సిగ్గు విషయంలో నా అంత పనికిమాలినవాడు ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా వెతికినా దొరకడు.

పుట్టింది ఎమ్మిగనూరు నేతవీధిలో. నేతపని సగం ఇంట్లో జరిగితే సగం వీధిలో జరుగుతుంది. పడుగు దారాలను వీధి పొడవునా గుంజలకు లాగి కట్టి, గంజి పూసి, కుంచెతో దువ్వుతూ ఇంటిల్లిపాదీ అటూ ఇటూ నడవాలి. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూస్తుంటారు. నాతో చదివే పిల్లలు అటు కనబడితే చాలు, నాకు ప్రాణం చచ్చిపోయేది. గంజి చేతులు వెనక్కి పెట్టుకుని గోడకు అతుక్కుపోయేవాణ్ని. "ఏమిరా, దొంగతనం చేసినోని మాదిరి నిలబడినావు?" అని మా నాయన నవ్వేవాడు. ఆయనకు నవ్వుగానే ఉండేది.

గ్రీకులు నాకు నచ్చింది కూడా ఇందుకే. వాళ్లు దేన్నీ వదిలిపెట్టలేదు, సిగ్గును కూడా ముందేసుకుని కూర్చున్నారు. మంచి గుణమేదైనా రెండు చెడ్డ చివరల నడుమ ఉంటుందని తేల్చిన ఒక పెద్దాయన, సిగ్గును మాత్రం మంచి గుణాల పంక్తిలో కూర్చోబెట్టలేదు. చిన్న వయసులో ఉంటే మంచిదే, పిల్లవాణ్ని తప్పుదారి పట్టకుండా ఆపుతుంది. వయసొచ్చినవాడు నాకు సిగ్గేసింది అని చెప్పుకుంటే అందులో గొప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిన పని అసలెందుకు చేశావయ్యా అని ఆయన వాదన. ఈ ముక్క చెప్పేటప్పుడు నేను బోర్డు వైపు తిరిగేవాణ్ని. నాకు యాభై దాటాయి మరి.

మంచితనం కూడా చేసి చేసి అలవాటు చేసుకోవాల్సిందేనని ఆ పెద్దాయనే అంటాడు. అది మా పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. క్లాసులో సగం మంది నేతోళ్ల పిల్లలే. మగ్గం గుంటలో కాలు పెట్టకుండా నేత రాదని వాళ్లకు నేను చెప్పాలా! బజారులో పడి దొరికినవాణ్నల్లా ఆపి ధైర్యమంటే ఏమిటి, న్యాయమంటే ఏమిటి అని అడిగి విసిగించిన ఇంకో ముసలాయన గురించి చెప్పినప్పుడైతే క్లాసంతా గొల్లుమంది. "ఆయప్ప మన ఆదోని పత్తి మార్కెట్టుకు వచ్చింటే హమాలీలు ఒక మూట నెత్తికెత్తించి పంపిందురు సార్," అన్నాడొకడు.

కానీ అందరికీ ఇష్టమైంది పప్పు కుండ కథ. ఒక గురువు దగ్గరికి మహా సిగ్గరి శిష్యుడొకడు వచ్చాడు. నలుగురు చూస్తే ముడుచుకుపోయే రకం. గురువు వాడి చేతికి పప్పు కుండ ఇచ్చి, కుమ్మరి వీధిలో నుంచి మోసుకు రమ్మన్నాడు. వాడు కుండను పైబట్ట కింద దాచుకుని నడుస్తుంటే, గురువు కర్రతో ఒక్కటిచ్చి కుండ పగలగొట్టాడు. పప్పంతా కాళ్ల మీదుగా కారింది. వాడు పరుగు లంకించుకుంటే, ఎందుకురా ఉరుకుతావు, నీకేం కాలేదు కదా అన్నాడట. సిగ్గుపడాల్సినవి వేరు, మనం ఊరికే సిగ్గుపడేవి వేరు అని నేను గొంతు పెంచి ముగించేవాణ్ని. పిల్లలు బల్లలు చరిచేవాళ్లు.

ఇక నా భార్య సంగతి.

ఆమె నా మేనమామ కూతురే. ఆస్పరి పక్కన కైరుప్పల వాళ్లది. ఉగాది అయిన మర్నాడు ఊరంతా రెండు జట్లయి పిడకలతో కొట్టుకుంటారే, ఆ ఊరు. చిన్నప్పుడు మిద్దె మీద నిలబడి చూస్తుంటే ఒక పిడక వచ్చి నుదుటికి తగిలిందట. పేడ దుమ్ము మొహంతోనే చుట్టాలకు అన్నం వడ్డించిందని మా అత్త ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఆమె అంతే. ఎవరి ముందూ తల దించదు. దించకూడదని పట్టుదల కాదు, దించాలని తోచదు.

అంతకుముందు నేను పనిచేసిన డిగ్రీ కాలేజీలో మా సెక్షన్ ఎత్తేసిన ఏడాది, నేను ఇంట్లో కూర్చుని గోడలు చూస్తుంటే ఆమె మేముండే ఆదోనిలో, మార్కెట్ యార్డు దగ్గర ఉగ్గాని బండి పెట్టింది. పక్కింటి ముసలామె తోడు, ముస్లిములు పిన్నిని పిలిచినట్టు మేమూ ఆమెను ఖాలా అంటాం. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపు పెట్టి పుట్నాల పొడి కలిపే ఉగ్గాని మా ఇంట్లో తయారయ్యేది. మిరపకాయ బజ్జీలు ఖాలా బండి దగ్గరే వేసేది. బండి అక్కడే గొలుసేసి ఉంటుంది కాబట్టి రోజూ పొద్దున ఉగ్గాని గుండిగను మోసుకుపోవాలి. నా భార్య తలకు గుడ్డ చుట్ట పెట్టుకుని, గుండిగ ఎత్తుకుని, రెండు చేతులూ ఊపుకుంటూ, ఎదురొచ్చిన వాళ్లందరినీ పలకరిస్తూ పోయేది. హమాలీలు "వచ్చినావా అక్కా, ఆకలికి కండ్లు తిరుగుతాండాయి" అంటే, "రాత్రి తిన్లేదేమిరా, పెండ్లాం తరిమేసిందా?" అని మూత తీసేది.

తర్వాత నాకు కోచింగ్ సెంటర్ పని దొరికింది. ఆమె బండి మానలేదు. నేను మానమనలేదు. నేను చేసిందల్లా ఒకటే. ఎమ్మిగనూరు బస్సు మార్కెట్ యార్డు ముందు నుంచే పోతుంది. ఆ బండి కనబడని వైపు సీటు చూసి కూర్చునేవాణ్ని. ఆదోని నుంచి వచ్చే మా విద్యార్థులు కొందరు ఆ స్టాపులోనే ఎక్కుతారు. ఒకసారి ఒక అమ్మాయి వేడివేడి పొట్లం తెచ్చి, "సార్, ఈ అక్క చేతి ఉగ్గాని తినాల, ఆదోనిలో యాడా దొరకదు," అని నా చేతిలో పెట్టింది. నేనేం చేయాలి? ఆవిడ నా భార్యమ్మా అనాలి. అంతే కదా, నాలుగు ముక్కలు. "అవునా! చాలా బాగుంది, ఎక్కడిది?" అని అడిగాను. అడిగి, పొట్లం ఖాళీ చేసి, చేతులు తుడుచుకున్నాను. థూ!

ఆమెకు ఇదేమీ తెలియదు. తెలిసినా నవ్వేసేదేమో. ఆ ధైర్యం ఇంట్లో ఉందన్న భరోసాతోనే కాబోలు నేను నా సిగ్గును పెంచి పోషించుకున్నాను.

మొన్న వానాకాలంలో యార్డు ముందు బురదలో కాలుజారి ఆమె కుడి మణికట్టు విరిగింది. పడేముందు గుండిగను ఖాలా చేతికి అందించి మరీ పడిందట. ఆసుపత్రి నుంచి కట్టుతో వచ్చి కూర్చోగానే మొదటి మాట ఖాలాతోనే. "రేపట్నుంచి గుండిగ ఎవురు తెస్తారు ఖాలా? నాలుగు దినాలు బండి మూస్తే మనోళ్లు ఇంకో బండికి మరుగుతారు. మళ్ల రారు."

"అల్లా ఉండాడు లే బేటీ, నేను మోస్తా," అంది ఖాలా. ఆమె మోకాళ్లు ఆమెనే మోయలేవు.

నేను అక్కడే, గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నాను. ఇద్దరిలో ఒక్కరూ నా వైపు చూడలేదు. అలిగి చూడకపోవడం కాదు. నన్ను అడగవచ్చని వాళ్లకు తోచలేదు. మా నేతోళ్లలో మగవాడు బట్టల మూట భుజాన వేసుకుంటాడు గానీ నెత్తికెత్తుకోడు, నెత్తిబరువు ఆడవాళ్లదే. దానికి తోడు నేను సారును. ఆ క్షణం నాకు చెంప మీద కొట్టినట్టయింది. "నేను మోస్తా," అన్నాను.

"నువ్వా బావా?" అంది నా భార్య. ఎగతాళి లేదు. ఆశ్చర్యం, ఆ వెనకే సంతోషం. ఆ మొహం నాకు బాగా గుర్తుంది.

మర్నాడు ఇంకా వెలుగు సరిగా రాకముందే బయల్దేరాం. ఎడమ చేత్తో ఆమే నా తల మీద గుడ్డ చుట్ట సర్దింది. గుండిగ వెచ్చగా, నేననుకున్నంత బరువు లేకుండా కూర్చుంది. వీధిలో ఎవరూ లేరు. "మెడ బిర్రుగా పెట్టొద్దు, నడుం మీద నడువు," అంటూ పక్కన ఆమె. ఎన్నో ఏళ్ల తర్వాత మేమిద్దరం ఒకే అడుగు మీద నడిచాం. ఇదా, దీనికేనా ఇన్నాళ్లూ చచ్చాను అనుకున్నాను. నవ్వొచ్చింది. ఆ నడకలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను.

తప్పంతా యార్డు దగ్గర జరిగింది. బండి గొలుసు తీయడానికి నా భార్య ముందు పోయింది. స్టాపులో మా విద్యార్థులు నిలబడి ఉన్నారు. పొట్లం ఇచ్చిన అమ్మాయి నన్ను చూసి నోరు తెరిచింది. "సార్! మీరేంది సార్, గుండిగ?"

నా ఒళ్లంతా చెమట. తల మీద గుండిగ ఊగింది. సరిగ్గా అప్పుడు నాకు గ్రీకులు గుర్తొచ్చారు. వాళ్లను తలుచుకోగానే కొండంత బలం వచ్చింది. గుండిగ దించకుండానే, "పప్పు కుండ కథ చెప్పాను కదమ్మా. చెబితే చాలదు, చేసి చూడాలి," అన్నాను.

అంతే! పిల్లలు ఈలలు వేశారు. హమాలీలు చుట్టూ చేరారు. ఆ అమ్మాయి ఫోను పైకెత్తి వీడియో మొదలుపెట్టింది. గుండిగ బండి మీదకు దించి, పిల్లల దగ్గరికి వచ్చి, నేను క్లాసులో మాట్లాడినట్టే మాట్లాడాను; బండి అవతల గిరాకీలో ఉన్న నా భార్యకు ఆ గోలలో ఒక్క మాటా వినబడలేదు. మనిషికి నిజమైన శత్రువు సిగ్గు అన్నాను. చదువుకున్నవాడు ఎంత చిన్న పనికైనా సిద్ధపడాలి అన్నాను. నలుగురిలో ఇలాంటి పని చేసి సిగ్గును చంపుకుంటేనే మనిషి నిలబడతాడు, గ్రీకులు చెప్పింది అదే అన్నాను. "ఎవరి కోసం మోస్తాండారు సార్?" అని ఆ అమ్మాయి అడిగింది. "ఎవరి కోసమైతే ఏమమ్మా? సాధన ముఖ్యం," అన్నాను.

చప్పట్లు! నా జన్మలో అన్ని చప్పట్లు వినలేదు. బస్సు వచ్చింది, ఎక్కాను. ఆ రోజు బండి కనబడే వైపే కూర్చున్నాను, చెయ్యి కూడా ఊపాను. పొట్లాలు కడుతున్న ఖాలా అడ్డంగా ఉండి, నా భార్య చూసిందో లేదో తెలియలేదు.

వీడియో క్లాసు గ్రూపులో నుంచి ఎటెటో పోయింది. వరసగా నాలుగైదు రోజులు నన్ను చూడ్డానికే జనం వచ్చారు. స్టాపు దగ్గర నాతో ఫొటోలు దిగారు. గుండిగ తొందరగా ఖాళీ అయిపోతుంటే నా భార్యకు ఎందుకో అర్థం కాక, "నీ చెయ్యి మంచిది బావా," అని మురిసిపోయింది. నేను చెప్పలేదు. సిగ్గుపడి కాదు ఈసారి, గొప్ప నాకు నేనే చెప్పుకోవడం ఎందుకని! అంత ఎత్తున ఉన్నాను మరి.

చెప్పింది ఖాలా. ఒక సాయంత్రం ఉల్లిగడ్డలు నేను తరుగుతుంటే ఫోను పట్టుకుని వచ్చింది. "చూడు బేటీ, నీ మియ్యా ఫేమస్ అయినాడు. నా మనవరాలు పంపింది," అని మంచం మీద కూర్చుని పెట్టింది.

నా భార్య నవ్వుతూనే చూడటం మొదలుపెట్టింది. అయిపోయాక, "ఇంగోసారి పెట్టు ఖాలా," అంది. రెండోసారి నవ్వలేదు.

"ఇందులో నేను యాడుండాను?" అని అడిగింది.

నేను వంగి చూశాను. వీడియో నిండా నేనే. చివర ఒక మూల, పొట్లం అందిస్తూ ఒక చెయ్యి. కట్టు ఉన్న చెయ్యి.

"ఎవురి కోసమైతే ఏమి, అంటివే బావా," అంది.

"అది కాదే, అది ఊరికే మాట వరసకు. వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పాలని..." అంటూ గ్రీకు గురువునూ, శిష్యుణ్నీ, కుమ్మరి వీధినీ అన్నిటినీ తెచ్చి ఆమె ముందు పోశాను. ఆమె శ్రద్ధగా వింది. అదే నన్ను చంపింది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ గురువు కుండ ఇచ్చింది సిగ్గుపడే పిల్లోనికి కదా," అంది చివరికి. "నేను ఇన్నేండ్లు మోసినాను. నాకు ఏ పొద్దూ సిగ్గు కాలేదు. ఇది సిగ్గు చంపుకొని చేసే పని అని నాకు తెల్దు బావా. ఊరందరికీ తెలుసేమో. నువ్వు సెప్పినంక అందురూ చప్పట్లు కొడతాండారు."

ఖాలా ఫోను కొంగులో దాచుకుని, "అరే, మొగోళ్లు అట్లనే మాట్లాడతారు బేటీ, గమ్మునుండు," అని లేచి వెళ్లిపోయింది. నేను గుండిగ మోసింది నాలుగైదు రోజులే. దాన్ని మొయ్యడం సిగ్గుచేటని, అయినా నేను మోశానని ఊరికి చాటాను. అందరూ దాన్ని నమ్మారు. ఇప్పుడు ఆమె కూడా నమ్ముతోంది. ఏ గ్రీకు దగ్గరా దీనికి మందు లేదు. ఉన్నా నాకు తెలిసిన నాలుగు ముక్కల్లో లేదు.

సరిదిద్దాలనుకున్నాను. ఆ తొందరలో కూడా నేను సారునే. మర్నాడు గుండిగ దించగానే, ఎవరూ అడగకముందే, పిల్లలందరినీ దగ్గరికి పిలిచాను. "వినండి. ఈవిడ నా భార్య. ఈ బండి ఆమెది. ఇన్నేళ్లుగా ఈ గుండిగ మోసింది ఆమె. నేను మీ ముందు గొప్పలు పోయాను. నిజంగా సిగ్గుపడాల్సింది దానికి," అని గట్టిగా చెప్పాను.

పిల్లలు నన్ను చూడలేదు. అందరూ ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. ఇన్నాళ్లూ వాళ్లకు ఆమె ఉగ్గాని అక్క. ఇప్పుడు సారు భార్య, పాపం, ఈ పని చేస్తోంది. ఆ పాపం అన్న చూపు ఒక్కొక్కరి మొహంలో కనబడింది. పొట్లం తెచ్చిన అమ్మాయి కండ్లలో నీళ్లు పెట్టుకుని, "సారీ మేడం, మాకు తెల్దు. ఇంత కష్టపడతాండారని..." అంది.

ఎప్పుడూ ఆమెను అక్కా అని పిలిచేది ఆ అమ్మాయి.

ఒక హమాలీ వెనక నుంచి తోసుకొచ్చి, "అక్కా, ఆకలైతాంది, పెడతావా లేదా?" అన్నాడు. రోజూ అయితే వాడికి సరైన జవాబు దొరికేది. నా భార్య గరిటె ఖాలాకిచ్చి, బాగున్న చేత్తో కొంగు తీసి తల మీదుగా మొహం మీదికి లాక్కుని, బండి వెనక కింద కూర్చుంది.